బండి క్రింది ఆయిలు మరక

ఇంటి ముందు నిలిపిన బండి క్రింద తెల్లవారుసరికి రూపాయి బిళ్ళంత నల్లని మరక కనిపించినచో, మనలో అనేకులు దానిమీద గుప్పెడు ఇసుక చల్లి ఊరకుందురు. మేమును చాలకాలము అట్లే చేసినాము. ఆ మరక ఎచ్చటినుండి వచ్చుచున్నదో, దానిని ఉపేక్షించినచో ఏమగునో, దానిని ఏ విధముగా మాన్పవలెనో మాకు ఒక పికప్పు బండి నేర్పినది. ఆ నేర్చినదానినే నేడు మీకు మనవి చేయదలచినాము.

రేడియోలో మాటలు చెప్పువారికి బండి ఇరుసుతో ఏమి పని అని మీకు సందేహము కలుగవచ్చును. మేము కళాశాలలో చదివినది సాహిత్యము. పానా పట్టుట ఎరుగము. అయితే మా ఉద్యోగములో సగము భాగము స్టూడియోలోను, సగము భాగము దారులలోను గడచును. నర్సీపట్నమునుండి చింతపల్లికి పోవు ఘాటు రోడ్డు మీలో కొందరు చూచియే యుందురు. ఆ రోడ్డు దాటి, కాఫీ తోటలు, మిరియపు తీగలు గల గిరిజన గ్రామములకు రికార్డింగునకై పోవలెనన్న నాలుగు చక్రములును లాగు బండి కావలెను. మాకు ఉన్నది జీపు జాతికి చెందిన పాత పికప్పు. వెనుక తొట్టెలో పరికరములు, ముందు డ్రైవరు, ఆయన ప్రక్కన మేము, మా ఇంజనీరు. దారిలో రెండు మూడు వాగులు దిగి ఎక్కవలసియుండును.

ఆ బండి ముందు చక్రముల నడుమ మరక మొదట కనిపించినప్పుడు డ్రైవరు దానిని ఒక వర్క్‌షాపునకు తీసికొనిపోయినాడు. ముందు డిఫరెన్షియలునకు ఆయిలు సీలు పోయినదని వారు చెప్పి క్రొత్తది వేసినారు. నెల తిరుగకముందే మరల మరక కనిపించినది. మరల సీలు మార్చినారు. ఈ పర్యాయము మూడు వారములు కూడ నిలువలేదు. సరకు మంచిది కాదని ఒకరు, డ్రైవరు బండిని విచ్చలవిడిగా నడుపుచున్నాడని మరియొకరు అన్నారు. నిందపడిన డ్రైవరు చిన్నబోయినాడు. మేము అతనిని సమర్థించుటకు గాని, తప్పు పట్టుటకు గాని తగిన జ్ఞానము లేనివారమై మౌనము వహించినాము. ఆ మౌనము నేటికిని మాకు సిగ్గుగనే ఉన్నది.

అటుపిమ్మట ఒకనాడు ఘాటు దిగుచు బండిలోనే కొంత రికార్డింగు చేసినాము. మా ఇంజనీరు హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకొని వినుచుండి, “మన మాటల వెనుక ఏదో మూలుగు వినబడుచున్నది, వేగము తగ్గిన కొలది అదియును తగ్గుచున్నది” అన్నాడు. మామూలు చెవికి అందని ఆ ధ్వనిని మైకు పట్టినది. డ్రైవరు బండిని ఒక ప్రక్కకు నిలిపి, క్రిందికి వంగి, ముందు ఇరుసు మధ్యనున్న గుండ్రని పెట్టెమీద చేయి వేసి చటుక్కున తీసికొన్నాడు. అది చేయి నిలువలేనంత వేడిగా నున్నది. అచ్చటినుండి మెల్లగా దిగి, ఘాటు దిగువనున్న పట్టణములో ఒక పెద్ద వయసు మేస్త్రి షెడ్డునకు చేరినాము. మేము నేర్చినదంతయు ఆ షెడ్డులో ముక్కాలిపీటమీద కూర్చుండి నేర్చినదే.

మేస్త్రి మొదట సీలు సంగతియే ఎత్తలేదు. ఇరుసు పైభాగమున చిటికెన వ్రేలంత గొట్టపు మూత యొకటి యున్నది, దానిని గుడ్డతో తుడిచి, వ్రేలితో నొక్కి, మావైపు చూచి, “సీలుది తప్పు కాదు బాబూ. దీనికి ఊపిరాడడం లేదు” అన్నాడు. ఆ మాట మాకు వెంటనే బోధపడలేదు. అది బోధపడుటకు ముందు ఆ పెట్టెలో ఏమున్నదో తెలిసికొనవలెను.

మన ఎద్దుబండిని తలచుకొనుడు. దాని ఇరుసు తిరుగదు. చక్రములు మాత్రము ఇరుసుమీద దేనికది తిరుగును. అందుచేత బండి మలుపు తిరుగునపుడు బయటి చక్రము ఎక్కువగా, లోపలి చక్రము తక్కువగా తిరిగినను బాధ లేదు. ఎద్దులు కాడిని లాగునే కాని చక్రమును త్రిప్పవు. మోటారు బండిలో ఇంజను చక్రమునే త్రిప్పవలెను. రెండు చక్రములను ఒకే కడ్డీకి బిగించి త్రిప్పినచో మలుపులో ఏమగునో చూడుడు. ఘాటులో ఒక పూర్తి వంపు తిరుగునపుడు లోపలి చక్రము 6 మీటర్ల వ్యాసార్ధముతో తిరిగినదనుకొందము. రెండు చక్రముల నడుమ దూరము 1.4 మీటర్లు. లోపలి చక్రము సుమారు 18.8 మీటర్లు నడచులోపల బయటి చక్రము 23.2 మీటర్లు నడువవలెను. ఈ నాలుగు మీటర్లకు పైగా గల తేడాను ఎవరో ఒకరు సర్దవలెను. లేనిచో టైరు నేలమీద ఈడ్చుకొనిపోవును, లేదా ఇరుసు మెలిపడును.

ఆ తేడాను సర్దునదే డిఫరెన్షియలు. ఇంజను శక్తిని రెండు చక్రములకును పంచుచు, ఒకటి నెమ్మదించినపుడు రెండవదానిని త్వరపడనిచ్చు పళ్ళచక్రముల కూర్పు అది. 1827లో ఫ్రాన్సు దేశమున ఒనెసిఫోర్ పెకూర్ అను గడియారముల పనివాడు ఆవిరి బండికొరకు దీనిని కల్పించి పేటెంటు పొందినాడు. పెట్రోలు బండి పుట్టుటకు అర్ధశతాబ్దికి పైగా పూర్వమే డిఫరెన్షియలు పుట్టినదన్నమాట. నాలుగు చక్రములును లాగు బండిలో వెనుక ఇరుసునకు ఒకటి, ముందు ఇరుసునకు ఒకటి, రెండు డిఫరెన్షియళ్ళు ఉండును.

ముందు డిఫరెన్షియలు ఘాటులోనో బురదలోనో మీట వేసినపుడు మాత్రమే పనిచేయుననియు, తక్కిన సమయమున నిద్రించుచుండుననియు మనలో చాలమంది భ్రమ. ఇంజను శక్తి దానికి అప్పుడే అందుమాట నిజమే. కాని ముందు చక్రముల హబ్బులను విడదీయు ఏర్పాటు లేని బండిలో చక్రములే ఇరుసును, ఇరుసు లోపలి పళ్ళచక్రములను ఎల్లప్పుడును త్రిప్పుచుండును. చక్రము ఒక చుట్టు తిరుగులోపల పినియను అను చిన్న పళ్ళచక్రము నాలుగయిదు చుట్లు తిరుగును. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు చక్రము నిమిషమునకు రమారమి 300 చుట్లు, పినియను 1,200 మొదలు 1,500 చుట్లు తిరుగుచుండును. వాడుకలో లేదని మనము మరచిన పెట్టెలో ఇంత పని జరుగుచున్నది. ఆ పనికి ప్రాణము లీటరో లీటరున్నరయో పట్టు గేరు ఆయిలు.

ఇక సీలు. పినియను కడ్డీ పెట్టెలోనుండి వెలుపలికి వచ్చి, ప్రొపెల్లరు షాఫ్టును అందుకొనవలెను. కడ్డీ తిరుగవలెను, ఆయిలు మాత్రము బయటికి రాకూడదు. తలుపు తెరచియే యుండవలెను, పిల్లి మాత్రము లోపలికి రాకూడదు అన్నట్టి చిక్కు ఇది. తొలినాటి మోటారు బండ్లలో తోలుతోను, ఒత్తిన ఉన్నితోను ఈ కాపలా పెట్టెడివారు. నేడు సీలనగా బయట ఇనుప కట్టు, లోపల కృత్రిమ రబ్బరు పెదవి, ఆ పెదవిని కడ్డీమీద అదిమి పట్టుటకు వెంట్రుకవంటి తీగతో చుట్టిన గుండ్రని స్ప్రింగు. పెదవి కడ్డీని గట్టిగా కరచుకొనదు. నడుమ కంటికి కనబడనంత పలుచని ఆయిలు పొర నిలిచియుండును. ఆ పొర ఎండిపోయినచో పెదవి కాలి గట్టిపడును. అందువలన సీలు ఆయిలును ఆపవలెను, ఆయిలుతోనే బ్రతుకవలెను. ఇట్టి సీలు పినియనువద్ద ఒకటి, ఇరు ప్రక్కల ఇరుసు కడ్డీలకు ఒక్కొక్కటి ఉండును. ప్రక్క సీలు పోయినచో ఆయిలు చక్రమువైపు పారి బ్రేకులమీద పడు ప్రమాదము కలదు. దానిని ఒక్కదినము కూడ ఉపేక్షింపరాదు. మా బండిలో కారుచున్నది పినియను సీలు.

మేస్త్రి చెప్పిన ఊపిరి సంగతి ఇప్పుడు చెప్పవచ్చును. బండి పరుగెత్తగా పెట్టె వేడెక్కును. ఉదయము 30 డిగ్రీలున్న లోపలి గాలి 80 డిగ్రీలకు వేడెక్కినదనుకొందము. మూసిన పెట్టెలో దాని ఒత్తిడి సుమారు ఆరవ వంతు పెరుగును. ఆ ఒత్తిడి పోవుటకే ఇరుసుమీద బ్రీదరు అను చిన్న మూత యుంచినారు. అది మట్టితో పూడుకొనిపోయినచో లోపలి గాలికి దారి ఏది? రబ్బరు పెదవిని త్రోసికొని ఆయిలుతోపాటు వెలుపలికి వచ్చును. క్రొత్త సీలు వేసినను, ఇంకొకటి వేసినను అదే గతి. కుక్కరు మూతపై విజిలు పూడుకొనిపోయినచో తప్పు రబ్బరు వాషరుదని దానిని మార్చుచు పోవువారిని మన ఇంటి ఆడవారు ఏమందురో ఆలోచించుడు. మా బండికి రెండు పర్యాయములు జరిగినది సరిగా అదే.

ఇంతటితో అయిపోలేదు. వేడెక్కిన ఇరుసుతో వాగులో దిగినప్పుడు చల్లని నీరు తగిలి లోపలి గాలి ఒక్కసారి ముడుచుకొనును. బయటికి త్రోసిన దారినే ఇప్పుడు లోపలికి పీల్చును. బ్రీదరు తెరచియుండినచో గాలి వచ్చును. పూడియున్నచో సీలు ప్రక్కనుండి నీరే వచ్చును. మేస్త్రి మా ఇరుసునుండి ఆయిలు దించినప్పుడు అది పాలు కలిపిన టీ రంగులో నున్నది. ఒకటింబావు లీటరు ఉండవలసిన చోట అర లీటరైనను లేదు. ఆ అర లీటరులోనే నీరు కూడ కలదు. డ్రైవరు ఆ పళ్ళెము వంకను, మా వంకను చూచినాడు. అతడు నోటితో ఏమియు అనలేదు. అనవలసిన అవసరమును లేదు.

ఈ స్థితిలో మరికొంతకాలము తిరిగియుండినచో ఏమగునని మేము అడిగినాము. బేరింగులు ఎండి కాలుననియు, అవి కదలినచో పళ్ళు ఒకదానికొకటి సరిగా అందక విరుగుననియు, విరిగిన పన్ను మధ్యలో చిక్కినచో ముందు చక్రములు పట్టివేయవచ్చుననియు అతడు చెప్పినాడు. ఘాటు దిగుచున్న బండికి ముందు చక్రములు పట్టివేయుట యనగా ఏమో వేరుగ చెప్పనక్కరలేదు. వెల చూచినచో సీలు కొన్ని వందల రూపాయలతో పోవును. క్రౌను పినియను జోడి, బేరింగులు వేలతో పోవును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట మనచేతిలోని పనియే.

ఇక మరమ్మతు పద్ధతి. మీరు స్వయముగా చేసినను, మెకానిక్కుచేత చేయించినను, ఈ వరుస తెలిసియుండుట మేలు.

మొదటిది, కారుచున్నది ఎచ్చటినుండియో నిర్ణయించుట. బండి నడచునపుడు గాలి తాకిడికి ఇంజను ఆయిలు కూడ వెనుకకు చిమ్మి ఇరుసుమీద చేరును. కనుక ఇరుసును కిరసనాయిలుతో శుభ్రముగా కడిగి, ఆరనిచ్చి, పినియను చుట్టును సుద్దపొడి చల్లి, పది కిలోమీటర్లు నడిపి చూడవలెను. తెల్లని పొడిమీద తడి మొదట ఎచ్చట కనబడునో అదియే మూలము. గేరు ఆయిలు చిక్కగా నుండి గంధకపు వాసన వేయును. ఆ వాసన ఇంజను ఆయిలునకు లేదు. మేస్త్రి దానిని వ్రేళ్ళ నడుమ రాచి వాసన చూచి తేల్చినాడు.

రెండవది, బండిని నిలుపుట. సమమైన గట్టి నేలమీద నిలిపి, వెనుక చక్రములకు ముందు వెనుకల రాళ్ళు గాని చెక్క చీలలు గాని పెట్టి, ముందుభాగము జాకీతో ఎత్తి, ఇరుసు క్రింద ఇరువైపుల ఇనుప స్టాండ్లు నిలుపవలెను. జాకీ ఎత్తుటకే కాని మోయుటకు కాదు. జాకీనొక్కదానినే నమ్మి బండిక్రింద దూరుట ప్రాణముతో చెలగాటము. ఇటుకలను పేర్చి నిలుపుటయు అంతే. బరువునకు ఇటుక చెప్పకుండ పగులును.

మూడవది, ఆయిలు దించుట. ఇచ్చట మేస్త్రి చెప్పిన చిట్కా యొకటి బంగారము వంటిది. క్రింది మర తీయుటకు పూర్వము ఆయిలు నింపు పై మర ఊడునో లేదో చూచుకొనవలెను. క్రింది మర తీసి ఆయిలంతయు పారబోసిన పిమ్మట పై మర తుప్పుపట్టి రాకపోయినచో బండి అచ్చటనే కూలబడును. దించిన ఆయిలును పళ్ళెములో పట్టి వెలుగులో చూడవలెను. పాలవలె తెల్లబడినచో నీరు చేరినది. సన్నని ఇనుప పొడి మరకు అంటియుండుట సహజమే. ముక్కలు, రేకులు కనిపించినచో సీలుతో పని తీరదు, లోపల విప్పి చూడవలసినదే. ఆ పాత ఆయిలును మురుగుకాలువలో గాని, పెరటిలో గాని పోయరాదు. వాడిన ఆయిలును మన ప్రభుత్వపు 2016 నాటి నియమములు ప్రమాదకర వ్యర్థములలో చేర్చినవి. డబ్బాలో పట్టియుంచి, దానిని సేకరించు అనుమతి గలవారికే ఈయవలెను.

నాలుగవది, విప్పుట. ప్రొపెల్లరు షాఫ్టునకును, అది బిగిసియున్న ఫ్లాంజికిని ఒక గీత గీచి, పిదప బోల్టులు తీయవలెను. తిరిగి అమర్చునపుడు గీత గీతకు కలిసినచో షాఫ్టు వెనుకటివలెనే అదురులేక తిరుగును. తరువాత చక్రములు నేలకు తగులకుండ నుండగా ఫ్లాంజిని చేతితో పట్టి క్రిందికి మీదికి, ముందుకు వెనుకకు కదపి చూడవలెను. ఆట యున్నచో బేరింగు అరిగినది. అరిగిన బేరింగుమీద కడ్డీ వణకుచుండగా ఏ సీలును నిలువదు. మా అదృష్టమువలన ఆట లేదు. అప్పుడు మేస్త్రి ఫ్లాంజిని వ్రేళ్ళతో త్రిప్పి, ఎంత బిగువుగా తిరుగుచున్నదో గుర్తు పెట్టుకొని, నడిమి నట్టుకును కడ్డీకిని చిన్న చుక్క గుర్తు వేసినాడు.

ఈ గుర్తు ఎందుకన్న ప్రశ్నకు జవాబులోనే ఈ మరమ్మతు కీలకమున్నది. ఆ నట్టు కేవలము ఫ్లాంజిని పట్టియుంచుటకు కాదు. పినియను బేరింగులమీద ఉండవలసిన బిగువు దానితోనే ఏర్పడును. కొన్ని బండ్లలో ఆ బిగువును పలుచని రేకులు పేర్చి నిర్ణయింతురు. వానిలో నట్టును తయారీదారు చెప్పిన కొలతకు గట్టిగా బిగింపవచ్చును. మరికొన్నింటిలో నలిగి సర్దుకొను గొట్టము ఒకటి లోపల ఉండును. దానిని ఎక్కువ బిగించినచో నలిగిపోయి మరల సాగదు. బేరింగులు అతిబిగువున తిరిగి కాలిపోవును. తక్కువ బిగించినచో పినియను ఆడును. కనుక మీ బండి ఏ రకమో దాని చేపుస్తకములో చూచియే నట్టును తాకవలెను. బలమున్నది కదా యని పొడుగు గొట్టము తగిలించి బిగించువానికి బండి ఈయకుడు.

అయిదవది, పాత సీలును తీయుట. ఫ్లాంజిని సుత్తితో కొట్టరాదు, పుల్లరుతో లాగవలెను. సీలును తీయునపుడు అది కూర్చుండు గోడకు గీత పడకూడదు. ఆ గీత వెంబడియే రేపు ఆయిలు కారును. ఫ్లాంజి వచ్చిన పిమ్మట మేస్త్రి దాని మెడమీద గోరు నడిపి చూపినాడు. మేమును గోరు నడిపి చూచినాము. రబ్బరు పెదవి రాచుచు వచ్చిన చోట గోరు దిగబడునంత గాడి పడియున్నది. మెత్తని రబ్బరు గట్టి ఉక్కును అరగదీయునా యని మాకు వింత తోచినది. రబ్బరుతోపాటు అచ్చట చేరిన సన్నని ఇసుకయే ఆకురాయి పని చేయునని అతడు చెప్పినాడు. ఊపిరాడకపోవుట మొదటి కారణమైనచో ఈ గాడి రెండవది. రెండు పర్యాయములు సీలు మార్చినవారు ఈ రెంటిలో దేనిని చూచినట్లు లేదు.

గాడి పడిన ఫ్లాంజికి మూడు మార్గములు. క్రొత్త ఫ్లాంజి వేయుట ఉత్తమము. అది దొరకనిచో మెడమీద పలుచని ఉక్కు తొడుగు ఎక్కింపవచ్చును. గాడి స్వల్పమై, స్థలము చాలినచో క్రొత్త సీలును రెండు మిల్లీమీటర్లు అటో ఇటో కూర్చుండబెట్టి పెదవిని అరగని చోట తగులునట్లు చేయవచ్చును. మాకు రెండవ మార్గము అనుకూలించినది.

ఆరవది, క్రొత్త సీలు. దానిమీద లోపలి వ్యాసము, బయటి వ్యాసము, మందము మిల్లీమీటర్లలో ముద్రించియుండును. పాతదానితో పోల్చిచూచియే కొనవలెను. స్ప్రింగు కనబడు వైపు ఆయిలువైపునకు, అనగా లోపలికి ఉండవలెను. పెదవికి ఆయిలు గాని గ్రీజు గాని రాచి, సీలు చుట్టుకొలతకు సరిపోవు గొట్టపు ముక్కను దానిమీద ఉంచి, చెక్క అడ్డుపెట్టి చుట్టును సమముగా తట్టవలెను. ఒకవైపే కొట్టినచో ఒరగి కూర్చుండును. మేస్త్రి ఈ పనికి వాడినది నీళ్ళగొట్టపు ముక్క. పట్టినది అయిదు నిమిషములు. ఆ అయిదు నిమిషములును అతడు ఎవ్వరితోను మాటలాడలేదు.

తరువాత ఫ్లాంజి ఎక్కించి, నట్టును బిగించి, చేతితో త్రిప్పి మునుపటి బిగువుతో సరిచూచి, చీలయో తాళమో వేసి, షాఫ్టును గీతకు గీత కలిపి బిగింపవలెను. మా ఇరుసులో నీరు చేరినందున కొంచెము క్రొత్త ఆయిలు పోసి, చక్రములు త్రిప్పి, దానిని దించివేసి, మరల నింపినాడు. నింపుట కూడ మరరంధ్రము అంచువరకే. మంచిది కదా యని మిక్కిలి పోసినచో అది వేడికి పొంగి తిరిగి సీలుమీదనే పడును. ఏ తరగతి ఆయిలు పోయవలెనో చేపుస్తకము చెప్పును. ఇట్టి ఇరుసులకు సామాన్యముగా 80-90 లేదా 90 అంకె గల గేరు ఆయిలు వాడుదురు.

చివరకు ఆ చిన్న బ్రీదరు. దానిని ఊడదీసి, కిరసనాయిలులో కడిగి, నోటితో ఊది గాలి పోవుట చూచి, దానికొక రబ్బరు గొట్టము తగిలించి, గొట్టము కొనను వాగునీరు అందనంత ఎత్తున ఇంజను ప్రక్కకు తెచ్చి కట్టినాడు. ఈ పనికి అయిన ఖర్చు ఒక గజము గొట్టము, రెండు క్లిప్పులు. మా కష్టములకు మూలము తీరినది ఇచ్చటనే.

మరునాడు తెల్లవారుజామున డ్రైవరు బండి క్రింద పాత వార్తాపత్రిక ఒకటి పరచినాడు. రెండు దినములకు తీసిచూచినాము. మడతలు తప్ప మరకలు లేవు. వారము పిదప ఘాటు ఎక్కి దిగినాము. దిగువకు రాగానే పెట్టెమీద చేయి వేసి చూచినాము. వెచ్చగా నున్నది గాని కాల్చునంత లేదు. ఇంజనీరు హెడ్‌ఫోన్లలో మూలుగు వినబడలేదు. అప్పుడు మేము డ్రైవరుతో, “ఆనాడు నిన్ను అన్న మాటలు తప్పు నాయనా. మేము పలుకకుండుటయు తప్పే” అన్నాము. అతడు నవ్వి, “పోనీండి సార్, బండి బాగయింది కదా” అన్నాడు. బండి బాగయినది నిజమే. కాని తప్పు సీలునందు లేనట్లే అతనియందును లేదని నిర్ధారించుటకు మేము మూడు నెలలు తీసికొన్నాము.

మీలో పంట సరకులు మోయు పికప్పులు గలవారు, కొండదారులలో బండ్లు నడుపువారు ఉండవచ్చును. మీరు పానా పట్టనక్కరలేదు. తెల్లవారి బండి కదిలింపక పూర్వము క్రిందికి ఒక చూపు చూడుడు. మరక కనిపించినచో ఇసుక చల్లకుడు. మెకానిక్కు సీలు పోయినదని చెప్పినప్పుడు, “ఎందుచేత పోయినది?” అని ఒక్కప్రశ్న అడుగుడు. బ్రీదరు చూచినారా, ఫ్లాంజికి గాడి పడినదా, బేరింగు ఆడుచున్నదా అని అడుగుడు. ఈ మూడింటికి జవాబు చెప్పగలవాని చేతనే క్రొత్త సీలు వేయించుడు.